ఇకుయో గారి ఆఖరి కోరిక

ఆ రోజు పొద్దున్న హమాతానీ తెత్సురో వేసుకున్న పథకం చాలా చిన్నది. రైలెక్కి పక్క పట్టణానికి వెళ్ళాలి, అక్కడి డిపార్ట్‌మెంట్ స్టోర్లో తల మర్దన చేసే యంత్రం ఒకటి కొనాలి, ఎవరి కంటా పడకుండా సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి వచ్చేయాలి. అంతే. డెబ్బై దాటిన మనిషి, చేపల రేవులో మంచుగడ్డల ఫ్యాక్టరీని ఒంటిచేత్తో నడిపినవాడు, ఈ మాత్రం పని చేసుకు రాలేడా అని మీరనుకోవచ్చు. ఆయనా అలాగే అనుకున్నాడు.

చిక్కల్లా ఏమిటంటే, భార్య ఇకుయో పోయి నెల దాటింది గానీ నలభై తొమ్మిదో రోజు ఇంకా రాలేదు. అస్థికల కలశం తెల్లటి గుడ్డలో చుట్టి ఇంట్లో బుద్ధుడి మందిరం పక్కనే ఉంది. నలభై తొమ్మిదో రోజు పూజయ్యాక అది సమాధికి చేరేదాకా ఆ ఇంట్లో పండగ ఉండదు, కొత్త సంవత్సరం వచ్చినా ఎవరూ శుభాకాంక్షలు చెప్పరు. అలాంటి రోజుల్లో ఒక మగవాడు, అందులోనూ మా రేవు మగవాడు, హాయిగా తల రుద్దుకునే వస్తువు కొనుక్కోవడమంటే ఊరు ఊరుకోదు. ఊరుకున్నా, ఊరుకోదేమోనని ఆయన భయం.

ఇకుయో రేవు వీధిలో, ఇంటి ముందు గదిలోనే, సెలూన్ నడిపేది. ఆడా మగా తేడా లేకుండా ఊళ్ళో సగం తలలు ఆమె చేతి కిందివే. ఆదివారం సాయంత్రం సెలూన్ తలుపు మూశాక తెత్సురోని కుర్చీలో వెనక్కి వాల్చి తల కడిగేది. ఆయన కళ్ళు మూసుకుని పడుకునేవాడు. బాగుందని గానీ, చాలని గానీ కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. అందరికీ చేసినట్టే తనకీ చేస్తోంది, అది ఆమె వృత్తి, దానికి మెచ్చుకోవడమేమిటి అనుకునేవాడు. ఆమె పోయాక మొదటి ఆదివారం సాయంత్రం అలవాటుగా సెలూన్ వైపు తలుపు తీశాడు. చీకట్లో ఆ కుర్చీని చూసి తలుపు మళ్ళీ వేసేశాడు. అప్పటి నుంచీ ఆయన తలని ఎవరూ ముట్టుకోలేదు. అది ఎంత బాధో ఆయనకి తెలుసు. కానీ ఎవరితోనైనా చెప్పుకుందామంటే, చెప్పుకోదగ్గ బాధలా కనిపించేది కాదు.

అలా ఉండగా టీవీలో పొద్దుటి కార్యక్రమంలో ఈ యంత్రాన్ని చూపించారు. అరచేతిలో ఇమిడేంత ఉంది. అడుగున నాలుగు మెత్తటి రబ్బరు పాదాలు. మీట నొక్కితే నాలుగూ కలిసి పిసకడం మొదలుపెడతాయి. నీళ్ళలో తడిసినా ఏమీ కాదు, వేగాలు మూడు. టోక్యోలో ఆఫీసు పిల్లలు అన్నం తినడం మానేసి మరీ దీంతో తల రుద్దుకుంటున్నారట, దేశమంతా దుకాణాల ముందు వరసలు కడుతున్నారట. "అచ్చం చెయ్యి తిరిగిన మనిషి వేళ్ళలాగే ఉంది," అంది కార్యక్రమం నడిపే అమ్మాయి కళ్ళు అరమూసి. తెత్సురో చేతిలో మిసో పులుసు చల్లారిపోయింది.

స్టోర్లో ఆ యంత్రాల బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. కోట్లు వేసుకున్న ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, కూరల సంచులతో వచ్చిన ఆడవాళ్ళు, అందరూ నిలువుకాళ్ళ మీదే కళ్ళు మూసుకుని తలలు రుద్దుకుంటున్నారు. తెత్సురో వరసలో నిలబడి, తన వంతు రాగానే ఒక పెట్టె తీసుకుని, టోపీ కనుబొమల మీదికి లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి పిలుపు వినిపించింది.

"హమాతానీ గారూ! ఇంత చలిలో మీరే వచ్చారా అండీ?"

సంతాప కానుకల కౌంటర్ అమ్మాయి. అంత్యక్రియలకు వచ్చి సంతాపం డబ్బుల కవర్లు ఇచ్చి వెళ్ళిన వాళ్ళందరికీ నలభై తొమ్మిదో రోజు వెళ్ళాక బదులు కానుక పంపడం మా ఆచారం. తినో తాగో వాడో అయిపోయే వస్తువే పంపాలి, దుఃఖం ఎవరి ఇంట్లోనూ నిలవ ఉండకూడదని. తెత్సురో కిందటి వారమే ఈ అమ్మాయి దగ్గర అందరికీ టీ డబ్బాలు చెప్పి వెళ్ళాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఆయన చేతిలో పెట్టె చూసింది. ఆయన దాన్ని కోటు లోపల పెట్టబోయాడు. పట్టలేదు.

"బదులు కానుకల కోసం చూస్తున్నారా అండీ?" అని మెల్లగా అడిగింది.

వరసలోవాళ్ళు ఇటు తిరిగారు. కాదంటే, మరి ఎవరికండీ అంటుంది. నాకే అని చెప్పాలి. భార్య అస్థికలు ఇంట్లో పెట్టుకుని, నల్ల టై కట్టుకుని, నాకే అని చెప్పాలి.

"అవును," అన్నాడు.

"టీ డబ్బాలకు బదులు ఇదా అండీ?"

"ఆ... అవును."

"అందరికీనా?"

ఒకసారి అవునన్నాక మధ్యలో దిగే దారి కనిపించలేదు. "అందరికీ," అన్నాడు.

ఆ అమ్మాయికి కళ్ళు చెమర్చాయి. "ఆవిడ సెలూన్ నడిపేవారని మొన్న చెప్పారు. ఆవిడ చేతిని అందరూ తలుచుకోవాలని... ఎంత ఆలోచించారండీ!" అంటూ నడుం వంచి నమస్కరించి, ఆయన చేతిలోని పెట్టెని రెండు చేతులతో మర్యాదగా తీసేసుకుంది. అది నమూనాకి ఉంచుకుంటుందట. తెత్సురో ఆ అమ్మాయి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, ఖాళీ సంచితో రైలెక్కాడు.

మర్నాడు ఆర్డర్ రద్దు చేద్దామని ఫోన్ చేశాడు. "నిన్నటి విషయం..." అన్నాడో లేదో, మేనేజర్ గారు మాట్లాడతారట అంటూ ఆ అమ్మాయి ఫోన్ ఆయనకిచ్చింది. తన సర్వీసులో ఇలాంటి కానుక చూడలేదని, విషయం విని తమ విభాగమంతా కదిలిపోయిందని చెప్పి మేనేజర్ ముక్కు చీదాడు. ముక్కు చీదుతున్న మనిషితో రద్దు మాట ఎలా ఎత్తుతారు? "మీ దయ," అని పెట్టేశాడు తెత్సురో. రెండ్రోజులు ధైర్యం కూడగట్టుకుని మళ్ళీ చేశాడు. ఈసారి ఆ అమ్మాయి సంబరంగా చెప్పింది. "పెద్ద మంచు పడబోతోందని టీవీలో అంటున్నారు కదండీ. దారులు మూసుకుపోతే మీకు మాట వస్తుందని, రివాజు కాకపోయినా ముందే పంపించేశాం. మీరేం కంగారు పడకండి."

పెట్టెలు ఊరంతా చేరాయి. పైన సంతాపం కాగితం, లోపల ఇకుయో పేరుతో ఒక కార్డు. తెత్సురోకి రావలసిన ఒక్కటీ తప్ప అన్నీ వచ్చాయి. ఆయన తనకంటూ చెప్పుకుంటే కదా రావడానికి.

మొట్టమొదట వచ్చింది మరదలు నోబుకో. ఇకుయోకి చెల్లెలు, రేవు మార్కెట్లో చేపల కొట్టు ఆమెది. రబ్బరు బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి పెట్టె ఊపింది.

"ఏమిటి బావా ఇది? టీ పంపుతున్నానన్నావు?"

"మార్చాను."

"దీనికి మూడేళ్ళ గ్యారంటీ ఉంది. అయిపోయే వస్తువు పంపవయ్యా అంటే మూడేళ్ళు నడిచేది పంపుతావా?"

"చార్జింగ్ అయిపోతుంది కదా," అన్నాడు తెత్సురో.

నోబుకో ఆయన మొహంలోకి ఎగాదిగా చూసింది. "నీకు ఒంట్లో బాగానే ఉందా? అన్నం తింటున్నావా?" అని, సమాధానం వినకుండానే బురి చేప ముక్కలు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళిపోయింది. చలికాలం బురి చేపల అదను, ఆమెకి ఏడవడానికి కూడా తీరిక దొరకదు.

ఆ మధ్యాహ్నమే వాడకట్టు సంఘం అధ్యక్షుడు ఒబాతా వచ్చాడు. తెత్సురోకి చిన్ననాటి స్నేహితుడు. ఒబాతా నెత్తి మీద వెంట్రుక మొలిచి ముప్పై ఏళ్ళు దాటింది. నల్ల సూటు వేసుకుని, పెట్టె చంకలో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మొదట ఇకుయో ఫొటోకి దణ్ణం పెట్టాడు. తర్వాత తెత్సురో వైపు తిరిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"తెత్సురో, నేనడుగుతున్నది సూటిగా చెప్పు. బతికున్నన్నాళ్ళూ ఇకుయో నా తల గురించి ఒక్క మాట తూలలేదు. పోయాక అంటుందా? అందరి ఎదుటా కొరియర్ కుర్రాడు ఏం చెప్పాడో తెలుసా? 'తల మర్దన యంత్రం అండీ, సంతకం పెట్టండి' అన్నాడు. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది."

పొరపాటున వచ్చిందని చెబితే, ఇచ్చిన కానుక కానుక కాదన్నట్టే. చనిపోయిన మనిషి పేరుతో పంపి మళ్ళీ వెనక్కి లాక్కున్నట్టే.

"అలా కాదురా. నీ తల మీద తనకి... ఆశ ఉండేది."

ఒబాతా చెయ్యి తనంతట తనే నెత్తి మీదికి వెళ్ళింది. "ఆశ ఉందందా?"

"ఆఖరి రోజుల్లో కూడా అంటూండేది."

ఒబాతా తిరిగి వెళ్ళేటప్పుడు మెట్ల మీద జారి పడబోయాడు. చూపు కింద లేదు మరి. సాయంత్రం ఊరి స్నానశాలలో, మెడ దాకా వేడి నీళ్ళలో కూర్చుని, విషయమంతా చెప్పాడట. ఇకుయో చనిపోతూ ఊళ్ళో ఒక్కొక్కరి తలనీ పేరు పేరునా తలుచుకుందని, ఈ కానుక ఆమె ఆఖరి కోరిక అని. అక్కడున్న వాళ్ళంతా తలలు వంచి మౌనం పాటించారట, స్నానశాల అని కూడా చూడకుండా.

మర్నాడు సచియో టీచరు పెరటి గుమ్మంలోంచి వచ్చింది. రిటైరై చాలా కాలమైనా ఊరంతటికీ ఇంకా టీచరే. పెట్టె తెత్సురో ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నాది విగ్గని మీ ఆవిడకి తప్ప ఈ ఊళ్ళో నరమానవుడికి తెలీదు. ఇన్నేళ్ళూ తలుపేసి, తెర దించి, నా తల చూసింది. నాకు తోడబుట్టిన దానికంటే ఎక్కువ. అలాంటిది, జుట్టు లేని దానికి ఇది పంపించిందంటే... పోతూ పోతూ నన్ను వెక్కిరించిందా తెత్సురో గారూ?"

టీచరు గారిది విగ్గన్న సంగతి ఆయనకీ ఆ క్షణాన్నే తెలిసింది. ఇకుయో ఊరి కబుర్లన్నీ ఆయన చెవిలో పోసేది. ఇది మాత్రం పోయలేదు. ఆ సంగతి తలుచుకుంటే గర్వంగా అనిపించింది. ఇప్పుడు ఆమెని మెచ్చుకుందామన్నా మనిషి లేదు.

"అందరికీ పంపి మీ ఒక్కరికీ పంపకపోతే ఊళ్ళో అనుమానం వస్తుంది కదండీ," అన్నాడు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలీదు. "అందుకని మీకూ పంపమంది."

టీచరు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. "అంత దూరం ఆలోచించిందా నా తల్లి!" తర్వాత దారిలో కనిపించిన వాళ్ళందరికీ, రహస్యం మాత్రం బయటపెట్టకుండా, ఇకుయో ఎంత దూరం ఆలోచించే మనిషో చెబుతూ వెళ్ళింది.

ఆ సాయంత్రం గుడి పూజారి ర్యోకెన్ గురువుగారు ఫోన్ చేశారు. మా ఊరి గుడి నడిచే బౌద్ధ శాఖలో పూజారులు గుండు చేయించుకోనక్కర్లేదు. గురువుగారికి ఒకప్పుడు ఒత్తయిన జుట్టుండేది, ఈ మధ్య నడినెత్తిన పలచబడింది. "ఇకుయో గారు నాకేం చెప్పదలిచారంటారు?" అని అడిగారు చాలా గంభీరంగా. "ఉన్నది కాపాడుకోమనా, మొత్తం వదిలేయమనా?"

"కాపాడుకోమని," అన్నాడు తెత్సురో. అబద్ధాలు ఇప్పుడు అడిగిన వెంటనే వచ్చేస్తున్నాయి.

ఇక ఊరు ఆగలేదు. సంఘం తరఫున అందరూ కలిసి ఒక్క కవరిచ్చిన వాళ్ళకి ఆచారం ప్రకారం అందరికీ కలిపి ఒక్క బిస్కెట్ల డబ్బా వెళ్ళింది. "మావి తలలు కావా?" అని వాళ్ళు రేవులో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కొందరు ఊరుకోలేక రైలెక్కి వెళ్ళి సొంతంగా కొనుక్కొచ్చారు. స్టోర్‌వాళ్ళు ఊరుకున్నారా? బల్ల మీద పూలకుండీ పెట్టి, "ఒక ఇల్లాలి ఆఖరి కోరిక" అని అట్ట రాసి నిలబెట్టారు. వారం తిరక్కుండా సరుకు ఖాళీ. తెత్సురో గుండె దిటవు చేసుకుని మళ్ళీ వెళ్ళేసరికి బల్ల మీద పూలకుండీ ఒక్కటే మిగిలింది.

"ఇక వసంతంలోనే అండీ," అంది ఆ అమ్మాయి. "అంతా ఆవిడ పుణ్యం."

రైల్లో కూర్చున్నాక తెత్సురోకి నిజంగా భయం వేసింది. యంత్రం దొరకలేదని కాదు. ఈ కొద్ది రోజుల్లో ఆయన ఇకుయో గురించి మాట్లాడినంత, కాపురం మొత్తంలో ఇకుయోతో మాట్లాడలేదు. మాట్లాడిన ప్రతిసారీ ఇకుయో కొంచెం కొంచెం మారిపోతోంది. మంచం మీద పడుకుని ఊరి తలల కోసం కన్నీళ్ళు పెట్టుకున్న దేవత ఒకతె తయారైంది. ఆ దేవతెవరో ఆయనకి తెలీదు. ఆయనకి తెలిసిన ఇకుయో పగలబడి నవ్వేది, పేకాటలో తొండి చేసేది, వర్షం వస్తే బట్టలు తియ్యలేదని వీధి చివరికి వినిపించేలా అరిచేది. ఇలాగే ఇంకో నెల గడిస్తే ఆ అరుపు తన చెవిలోంచి కూడా పోతుందేమోనని ఆయనకి భయం వేసింది. ఒక్కటే ఇకుయో ఉంది ఆయనకి. దాన్ని కూడా తన చేత్తోనే పాడు చేసుకుంటున్నాడు.

నలభై తొమ్మిదో రోజు పూజ నాటికి మంచు నడుం దాకా పడింది. అయినా ఇంట్లో చోటు చాల్లేదు. సెలూన్ గది తలుపులు కూడా తెరిచి అక్కడా చాపలు వేశారు. స్టోర్ మేనేజర్ తెల్లటి చామంతులు పట్టుకుని వచ్చాడు. పైగా గురువుగారు ముందు రోజే అందరికీ కబురు పెట్టారు, ఎవరి యంత్రం వాళ్ళు తెచ్చి మందిరం ముందు పెట్టమని, ఆ రోజు ప్రవచనం వాటి మీదేనని. నవ్వుతున్న ఇకుయో ఫొటో ముందు, పళ్ళూ పూలూ పెట్టవలసిన చోట, యంత్రాలు బారులు తీరాయి. మంత్రాలు సగంలో ఉండగా ఒబాతా యంత్రం తనంతట తనే మోగడం మొదలుపెట్టి, పక్కదాన్ని నెట్టుకుంటూ బల్ల అంచు దాకా నడిచింది. ఒబాతా మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి దాన్ని పట్టుకుని గుండెకి అదుముకున్నాడు. నవ్వొచ్చిన వాళ్ళు ఏడుస్తున్నట్టు చేతిగుడ్డలు అడ్డం పెట్టుకున్నారు.

మంత్రాలయ్యాక గురువుగారు గొంతు సవరించుకున్నారు. "మనిషి పోయేటప్పుడు తన గురించి ఆలోచిస్తాడు. కానీ ఇకుయో గారు ఆఖరి శ్వాసలో కూడా మన తలల గురించి..."

"కాదండీ."

అందరూ వెనక్కి తిరిగారు. తెత్సురో లేచి నిలబడి ఉన్నాడు. చేతులు ప్యాంటు కుట్టు వెంట బిగుసుకుపోయి ఉన్నాయి, ఫ్యాక్టరీలో తనిఖీకి నిలబడ్డట్టు.

"తను అలాంటిదేం అనలేదు. ఆఖరిగా అన్న మాట, గ్యాస్ కట్టేసి వచ్చావా అని. ఆస్పత్రిలో నన్ను చూసి అదే అడిగింది. కట్టేశానన్నాను. కట్టేశానో లేదో నాకు గుర్తులేదు. అంతే, తర్వాత మాట్లాడలేదు."

బయట ఇంటి కప్పు మీంచి మంచు జారి పడిన చప్పుడైంది.

"ఇది తన కోరిక కాదు. నాది. ఒకటి కొనుక్కుందామని వెళ్ళాను, నాకే. అడిగితే సిగ్గేసి అందరికీ అన్నాను. ఆదివారం ఆదివారం తను నా తల కడిగేది. ఇప్పుడు లేదు. ఎంత ఇదిగా ఉందో... అందుకని. మిమ్మల్నందర్నీ మోసం చేశాను. క్షమించండి." ఆయన మోకాళ్ళ మీద కూలబడి నుదురు చాపకి ఆనించాడు.

ఒబాతా మెల్లగా నెత్తి తడుముకున్నాడు. "అయితే... ఆశ సంగతి?"

"లేదురా," అన్నాడు తెత్సురో చాపలోంచి.

"ఒక్క ముక్క ముందే ఏడవకూడదా బావా!" అని అరిచింది నోబుకో, అక్క గొంతే అనిపించేలా. కళ్ళ నిండా నీళ్ళు. ఆమె వెళ్ళి మందిరం ముందున్న తన యంత్రం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఇదిగో, నాది తీసుకో."

అది చూసి మిగతావాళ్ళు ఊరుకుంటే మర్యాద కాదు కదా. నాది తీసుకోండంటే నాది తీసుకోండని అందరూ లేచారు. తెత్సురో వద్దంటాడు, వాళ్ళు వినరు. మేనేజర్ అయితే ఏం తోచక చామంతులే మళ్ళీ ఇచ్చాడు. చివరికి నోబుకో విసుక్కుని, "ఏదీ, తల వంచు," అని యంత్రం ఆయన నెత్తి మీద పెట్టి మీట నొక్కింది.

"ఇలా కాదమ్మా," అంది సచియో టీచరు ముందుకు జరిగి. "ఇకుయో చెవి వెనకనుంచి మొదలుపెట్టేది. ఇలాగ." తన వేళ్ళు పెట్టి చూపించింది.

"కాదు కాదు, నుదుటి దగ్గర్నుంచి," అన్నాడు ఒబాతా.

"మీకు జుట్టే లేదు, మీ తల ఎప్పుడు కడిగింది?" అంది టీచరు.

"జుట్టు లేకపోతే తల లేదా? నెలకోసారి కడిగేది. డబ్బు మాత్రం సగమే తీసుకునేది!"

గురువుగారు కూడా కండువా పక్కన పెట్టి, నడినెత్తిన ఆమె గుండ్రంగా ఎలా తిప్పేదో చూపించారు. ఒకరి తర్వాత ఒకరు, నల్లబట్టలు వేసుకున్న మనుషులు, వాదించుకుంటూ, ఇకుయో ఏ జోకు వేసేదో చెప్పుకుంటూ, ఎవర్ని ఎలా తిట్టేదో తలుచుకుని నవ్వుతూ, తెత్సురో తలని చేతుల్లోకి తీసుకున్నారు. చేపల వాసన వేసే వేళ్ళు, సుద్దముక్కకి అలవాటుపడ్డ వేళ్ళు, అగరొత్తుల వేళ్ళు. అరిచే ఇకుయో, తొండి చేసే ఇకుయో మళ్ళీ ఆ గదిలోకి వచ్చింది. తెత్సురో కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి అందరూ ఒక మాట మీదికి వచ్చారు. ముందు చెవి వెనక, తర్వాత నుదురు, తర్వాత నడినెత్తి, ఆపైన తువ్వాలు. ఆ వరసలో గురువుగారు తానే యంత్రం పట్టుకుని, మీట ఆఖరి దాకా తోసి, మళ్ళీ మొదటినుంచి నడిపించారు.

"ఆ తర్వాత?" అన్నాడు తెత్సురో.

"దేని తర్వాత?" అంది నోబుకో.

"తువ్వాలుతో తుడిచాక. ఆ తర్వాత ఏం చేసేది?"

"ఏం చేస్తుంది?" అన్నాడు ఒబాతా. "వీపు మీద ఒక్కటిచ్చి లేవమనేది. బయట ఇంకొకరు కూర్చుని ఉండేవారు కదా."

"నన్నూ అంతే," అంది టీచరు.

"నన్ను కూడా. సొంత చెల్లెల్ని," అంది నోబుకో. "ఏం బావా, ఇంకేమైనా ఉందా?"

తువ్వాలుతో తుడిచాక ఇకుయో తన రెండు బొటనవేళ్ళూ ఆయన మెడ వెనక గుంటలో ఆనించేది. నొక్కడం కూడా కాదు, ఊరికే అలా ఉంచేది. ఆ కాసేపూ అంత వాగుడుకాయా ఏమీ మాట్లాడేది కాదు. తర్వాతే లేవమనేది. అది కూడా పనిలో భాగమేననుకున్నాడు ఆయన. ఊళ్ళో అందరి మెడల మీదా ఆ బొటనవేళ్ళు అలాగే ఆగుతాయని, ఇన్నేళ్ళూ, ఒక్కసారి కూడా కళ్ళు తెరిచి చూడకుండా, అలాగే అనుకున్నాడు.

"ఏం లేదు," అన్నాడు తెత్సురో.

అన్నాడు గానీ నీళ్ళు ఆగలేదు. గడ్డం మీంచి నల్ల టై మీదికి ధారగా కారిపోయాయి. భుజాలు ఊగిపోతుంటే గురువుగారు కంగారుపడి మీట కట్టేశారు.

"అయ్యో, వేగం ఎక్కువైందా తెత్సురో గారూ?"

"కొంచెం," అన్నాడాయన.

ఆ రోజు నుంచీ మా ఊళ్ళో ఆ యంత్రాన్ని మూడో వేగంలో ఎవరూ పెట్టరు, కళ్ళకి మంచిది కాదట.